బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

మయూర్ విహార్‌లో ఆదివారం ఉదయం మా తలుపు తట్టే తెలుగువారు సాధారణంగా మూడు పనుల మీద వస్తారు. ఆంధ్ర భవన్‌లో రెండు రోజులకు గది, ఎయిమ్స్‌లో పెద్ద డాక్టరు దర్శనం, తిరుమలకు ఎవరయినా ఎం.పి. చేత సిఫారసు లేఖ. పార్లమెంటు విలేఖరికి పలుకుబడి ఉంటుందన్న అపోహ మన ప్రజలలో ఎలా స్థిరపడిందో తెలియదు గాని, దానిని తొలగించడానికి ముప్పయి ఏళ్ళుగా నేను చేస్తున్న ప్రయత్నం ఫలించలేదు. కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం వచ్చిన మనిషి ఈ మూడింటిలో ఏదీ అడగలేదు.

అతడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుండి వచ్చి పాతికేళ్ళుగా ఢిల్లీలో గోడలకు రంగులు వేస్తున్నవాడు. మా ఫ్లాట్లకూ వేశాడు. మాకు కూతవేటు దూరంలోని త్రిలోక్‌పురిలో ఒక గది అద్దెకు తీసుకుని కాపురం ఉంటున్నాడు. లోపలికి రమ్మన్నా రాక గుమ్మంలోనే నిలబడి, "బెయిలు వొచ్చీసింది బాబూ, పిల్లడు మాత్రం రాలేదు" అన్నాడు.

పిల్లడంటే అతని మేనల్లుడు. ఇరవై రెండేళ్ళవాడు. ఈ ప్రాంతంలోనే ఒక ఇడ్లీ బండి దగ్గర పనికి కుదిరాడు. పరిచయస్థుడొకడి వద్ద మూడు వేలకు పాత సెల్‌ఫోను కొన్నాడు. రసీదు లేదు. ఆ ఫోను అంతకు రెండు నెలల ముందు ఒక మహిళ చేతిలో నుండి మోటారు సైకిలు మీద వచ్చినవారు లాక్కుపోయినది. ఇతడు అందులో తన సిమ్ము వేసుకోగానే ఆచూకీ తెలిసింది. అమ్మినవాడు దొరకలేదు, కొన్నవాడు దొరికాడు. దొంగసొత్తు అని ఎరిగి కూడా తన వద్ద ఉంచుకున్నాడన్నది అభియోగం. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు శిక్ష పడగల నేరం.

ఆ కుర్రవాడు నిర్దోషి అని నేను వ్రాయబోవడం లేదు. మూడు వేలకు అంత ఫోను వస్తూంటే అది ఎక్కడిదో అన్న అనుమానం నీకు కలగలేదా అని ప్రాసిక్యూషను అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు కోర్టులో తేలవలసి ఉంది. నా దృష్టి నిలిచినది మరొక సంగతి మీద. అరెస్టయిన పదకొండవ రోజున మేజిస్ట్రేటు అతనికి బెయిలు ఇచ్చారు. ఇరవై వేల రూపాయలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఒక స్థానిక జామీనుదారు అన్నవి షరతులు. మామ నా గుమ్మంలో నిలబడే నాటికి ఆ ఉత్తరువు వెలువడి పంతొమ్మిది రోజులయింది. పంతొమ్మిది రోజులుగా కోర్టు దృష్టిలో విడుదలకు అర్హుడయిన వ్యక్తి జైలులో చపాతీల క్యూలో నిలబడుతున్నాడు.

ఠాణా పేరు గాని, కోర్టు పేరు గాని ఇక్కడ వ్రాయను. ఒక్క చోట జరిగిన పొరపాటయితే పేరు వ్రాసి ఊరుకునేవాడిని.

అవిశ్వాస తీర్మానం సభ ముందుకు రావాలంటే లోక్‌సభలో ఎంతమంది లేచి నిలబడాలో తడుముకోకుండా చెప్పగల పాఠకులు మనకు వేలసంఖ్యలో ఉన్నారు. పోలీసులు తమ ఇంటికి వస్తే మొదటి ఇరవై నాలుగు గంటలలో తమకు ఏయే హక్కులు ఉంటాయో చెప్పగలవారు వారిలో ఎందరు? రాజ్యాంగం 22వ అధికరణం మూడు మాటలు చెబుతున్నది. అరెస్టుకు కారణం తెలపాలి. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించనివ్వాలి. ప్రయాణ సమయం మినహా ఇరవై నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. కారణం తెలపడమంటే నోటిమాటగా చెబితే చాలదని సుప్రీంకోర్టు 2023 నుండి వరుసగా కొన్ని తీర్పులలో చెబుతూ వచ్చి, 2025 నవంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయి ధర్మాసనం ద్వారా ఆ సూత్రాన్ని అన్ని నేరాలకూ వర్తింపజేసింది. కారణాలు లిఖితపూర్వకంగా, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందయినా ఆ కాగితం అతని చేతిలో ఉండాలి. మా కుర్రవాడికి అందిన కాగితం హిందీలో ఉన్నది. అతడు హిందీ మాట్లాడగలడు గాని చదవలేడు. ఢిల్లీ నగరపు కూలీలలో ఇటువంటివారు లక్షలలో ఉంటారు.

ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాలలో అసలు అరెస్టే అనివార్యం కాదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. విచారణకు రమ్మని నోటీసు ఇచ్చి పంపవచ్చు. పాత నేరవిచారణ స్మృతిలో 41-ఎ సెక్షనుగా ఉన్న ఈ ఏర్పాటు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35వ సెక్షనులో చేరింది. అవసరమేమిటో వ్రాసి చూపకుండా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా ఆదేశించింది. ఆచరణలో మాత్రం నోటీసు అందుకునే భాగ్యం చిరునామా ఉన్నవాడిది. అద్దె ఒప్పందమైనా లేని గదిలో నలుగురితో కలిసి పడుకునే కుర్రవాడికి నోటీసు ఇస్తే మళ్ళీ దొరుకుతాడా అన్నది పోలీసుల సందేహం. ఆ సందేహంలో కొంత నిజం లేకపోలేదు. మొత్తం గాథ ఈ చిరునామా దగ్గరే మొదలయి, మళ్ళీ చిరునామా దగ్గరికే వచ్చి ఆగింది.

మేజిస్ట్రేటు ఎదుట మొదటిసారి నిలబడే ఆ కొద్ది నిమిషాలు ముద్దాయి జీవితంలో కీలకమైనవి. రిమాండు అవసరమా, పోలీసు కస్టడీయా, జ్యుడిషియల్ కస్టడీయా, దెబ్బలేమయినా తగిలాయా అన్న ప్రశ్నలు అప్పుడే అడగాలి. అడిగేవాడు పక్కన లేకపోతే అవి రికార్డులోకి ఎక్కవు. భాగల్పూరులో విచారణ ఖైదీల కళ్ళు పొడిచిన దారుణంపై తీర్పునిస్తూ, పేద ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని మొదటి హాజరునాటి నుండే ఇవ్వాలని జస్టిస్ భగవతి అన్నది ఇందుకే. ఉచిత న్యాయసహాయాన్ని ఆదేశిక సూత్రాలలో చేర్చిన 39-ఎ అధికరణం ఎమర్జెన్సీ కాలపు 42వ సవరణ మనకు మిగిల్చిన కొద్దిపాటి మంచిలో ఒకటి. దానిని అనుసరించి 1987లో చేసిన న్యాయసేవల చట్టం అమలుకు రావడానికి 1995 వరకు ఆగవలసి వచ్చింది. ఆ చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఏ మనిషయినా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయవాదికి అర్హుడు. 15100 అనే నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఈ నంబరును పాఠకులు ఒకచోట వ్రాసి పెట్టుకోవడం మంచిది. మన ఊరి నుండి వలస వచ్చినవాడు ఎవడయినా ఎప్పుడో అర్ధరాత్రి మనకే ఫోను చేస్తాడు.

మా కుర్రవాడికి న్యాయసహాయం కింద వచ్చిన వకీలు శ్రద్ధ గల యువకుడు. ఆయన వాదన వల్లనే బెయిలు వచ్చింది. ఈ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఉచిత వకీలు అనగానే ముఖం చిట్లించుకోవడం మనకు అలవాటు. అంతకంటె పాత అలవాటు ఒకటి ఉన్నది, ముద్దాయి పక్షాన నిలబడిన వకీలునే ముద్దాయిగా చూడడం. ఫలానా కేసులో ముద్దాయి తరఫున ఎవరూ వకాల్తా వేయరాదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం ఇటీవలి కాలపు వికృతి. అటువంటి తీర్మానాలు చెల్లవని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా ఆగలేదు. తెలుగునాట ఈ అపకీర్తిని జీవితాంతం మోసినవారు కె.జి. కన్నబిరాన్. పార్వతీపురం కుట్ర కేసు మొదలు సికింద్రాబాదు కుట్ర కేసు వరకు, ప్రభుత్వం శత్రువులుగా ప్రకటించినవారి పక్షాన ఆయన కోర్టులలో నిలబడ్డారు. సికింద్రాబాదు కేసు 1974లో మొదలయి 1989లో ముద్దాయిల విడుదలతో ముగిసింది. పదిహేనేళ్ళు. 2010 డిసెంబరులో కన్నబిరాన్ మరణించినప్పుడు, ఆయన రాజకీయాలతో ఏకీభవించని న్యాయమూర్తులు కూడా గౌరవంగా తలచుకున్నారు. ముద్దాయి చెప్పవలసినది చట్టం భాషలో చెప్పడమే వకీలు పని. నేరాన్ని సమర్థించడం ఆయన పని కాదు. ప్రాసిక్యూషను ప్రతి మెట్టునూ రుజువు చేసుకునేటట్లు చేయడం ఆ పనిలో పెద్ద భాగం.

ఇక బెయిలు సంగతి. 1977 డిసెంబరులో గుడికంటి నరసింహులు కేసు సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందుకు వచ్చింది. సెషన్సు కోర్టు వదిలిపెట్టినవారిని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు శిక్షించగా, అప్పీలు తేలేవరకు బెయిలు కోరిన తెలుగువారి కేసు అది. బెయిలా, జైలా అన్న ప్రశ్న మన నేరన్యాయంలో ఒక మసక ప్రదేశంలో ఉండిపోయిందని ఆయన అందులో విచారించారు. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని పత్రికలలోకి వచ్చిన నావంటివారికి ఆయన తీర్పులు ఒక ప్రత్యేక ఆకర్షణ. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినా విసుగు పుట్టదు. మరుసటి సంవత్సరం ఆగస్టులో వచ్చిన మోతీరాం తీర్పు మరీ ముఖ్యమైనది. మోతీరాం మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీమేస్త్రి. సుప్రీంకోర్టే అతనికి బెయిలు ఇచ్చింది. కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయలకు జామీను అడిగారు. అన్న వచ్చి నేనుంటానంటే, నీవూ నీ ఆస్తీ వేరే జిల్లావి గనుక చెల్లదన్నారు. మేస్త్రి మళ్ళీ ఢిల్లీ దాకా రావలసి వచ్చింది. కృష్ణయ్యర్ ఆ జామీనును కొట్టివేసి వేయి రూపాయల సొంత పూచీకత్తుపై విడుదల చేయమన్నారు. ఒక మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో పొట్టకూటికి వెళ్ళి బస్తర్‌లోనో, పహల్‌గాంలోనో, చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కడి నుండి తెస్తాడని ఆ తీర్పులో అడిగారు. దేశ సమైక్యతకు కోర్టులే ఈ విధంగా చేటు చేయరాదన్నారు.

ఆంధ్రుడు, చాందినీ చౌక్. 1978లో ఒక న్యాయమూర్తి ఉదాహరణకు చెప్పిన మనిషి ఇన్ని దశాబ్దాల తరువాత, చాందినీ చౌక్‌కు యమున ఆవలి ఒడ్డున, మా ఇంటి పక్క ఇడ్లీ బండి దగ్గర నిజంగా దొరికాడు. అతని మామకు ఉద్దానంలో ఎకరం కొబ్బరితోట ఉన్నది. పట్టాదారు పాసు పుస్తకం ఉన్నది. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కోర్టుకు తీసుకువెళ్ళాడు. స్థానికం కాదు గనుక పనికిరాలేదు. ఢిల్లీలో అతనికి వాహనం లేదు, ఇల్లు లేదు, బ్యాంకులో డిపాజిట్టు లేదు. కోర్టు బయట ఒక మనిషి ఎనిమిది వేలిస్తే తాను జామీను నిలబడతానన్నాడట. ముద్దాయి పారిపోతాడన్న భయంతో పెట్టిన షరతు చివరకు ముద్దాయి ముఖం కూడా ఎరుగని కిరాయి మనిషి సంతకంతో తీరుతుందంటే, ఆ షరతు ఎవరిని కాపాడుతున్నదో నాకు బోధపడలేదు.

సుప్రీంకోర్టుకు ఇది తెలియక కాదు. 2023 జనవరి 31న ఈ విషయంపైనే వివరమైన ఆదేశాలు ఇచ్చింది. బెయిలు ఉత్తరువు ప్రతిని అదే రోజు గాని మరునాడు గాని జైలు అధికారి ద్వారా ఖైదీకి చేర్చాలి. వారం రోజులలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవల సంస్థకు తెలపాలి. నెలలోగా జామీను సమర్పించలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. స్థానిక జామీను పట్టుదల విడుదలకు ఆటంకమవుతున్నది గనుక కోర్టులు ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చునని సూచించింది. అదే సంవత్సరం కేంద్రప్రభుత్వం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. విచారణ ఖైదీకి జామీను కోసం 40 వేల రూపాయల వరకు సొమ్ము ఇవ్వవచ్చునని అప్పట్లో ప్రకటించారు. సూచన ఉన్నది, పథకం ఉన్నది. మామకు వీటిలో ఏదీ తెలియదు. ముప్పయి ఏళ్ళు ఈ నగరంలో చట్టాల గురించి వ్రాసిన నాకు కూడా, ఆయన వచ్చి వెళ్ళిన తరువాత వెదికితే గాని తెలియలేదని ఒప్పుకుంటున్నాను.

2022 చివరి నాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఖైదీలు ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ పూర్తికానివారు. నూటికి డెబ్బయి అయిదు మందికి పైగా. 1979లో బీహారు విచారణ ఖైదీల దుస్థితి హుస్సేనారా ఖాతూన్ కేసు ద్వారా బయటపడినప్పుడు, తమ నేరానికి పడగల గరిష్ఠ శిక్షను మించి జైలులో ఉన్నవారు కొందరు కనిపించారు. సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని అప్పుడే తీర్మానమయింది. ఈ నాలుగు లక్షలలో బెయిలు ఉత్తరువు చేతికి వచ్చి కూడా లోపల ఉన్నవారు వేరుగా ఒక జాతి. రాజకీయ సభలలో వారి ప్రస్తావన రాదు.

సభల మాట వచ్చింది గనుక చెబుతాను. 2023 డిసెంబరు 20న లోక్‌సభ, మరునాడు రాజ్యసభ మూడు కొత్త నేరచట్టాల బిల్లులను ఆమోదించినప్పుడు నేను పత్రికా గ్యాలరీలో ఉన్నాను. ఆ సమావేశంలో ఉభయసభల నుండి సస్పెండయిన ప్రతిపక్ష సభ్యులు 146 మంది. నూట అరవై ఏళ్ళు నిలిచిన శిక్షాస్మృతి స్థానంలో కొత్తది వస్తున్నప్పుడు ఎదురుగా ఉన్న బల్లలు చాలావరకు ఖాళీ. ఆనాటి నోటుబుక్కు మొన్న బయటకు తీసి చూచాను. వలసపాలన అవశేషాలు, రాజద్రోహం, ఉగ్రవాదం, మూకహత్యలు, ఎలక్ట్రానిక్ సాక్ష్యం, అన్నీ ఉన్నాయి. జామీనుదారు గురించి ఒక్క వాక్యం లేదు. ఎవరూ మాట్లాడలేదో, మాట్లాడినా నా చెవికి ఎక్కలేదో ఇప్పుడు చెప్పలేను.

2024 జూలై 1న అమలుకు వచ్చిన ఆ చట్టాలలో ముద్దాయికి మేలు చేసేవీ ఉన్నాయి, కీడు చేసేవీ ఉన్నాయి. బెయిలు అంటే ఏమిటో 1973 నాటి స్మృతి నిర్వచించనేలేదు, కొత్తది నిర్వచించింది. అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైలులో గడిపితే విడుదల చేయాలని 479వ సెక్షను చెబుతున్నది. అంతకుముందు సగం. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకు ఇది వర్తించదు. పాత కేసులవారికి కూడా ఈ మేలు దక్కాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అన్నది. చార్జిషీటు ప్రతులు పద్నాలుగు రోజులలో ఇవ్వాలి, అభియోగాల నిర్ధారణ మొదటి విచారణ నుండి అరవై రోజులలో జరగాలి వంటి గడువులు ఉన్నాయి. గడువు దాటితే ఏమవుతుందో చాలా చోట్ల చెప్పలేదు. మరోవంక, అరెస్టయిన మొదటి పక్షంలోనే ముగియవలసిన పదిహేను రోజుల పోలీసు కస్టడీని, నేరాన్ని బట్టి మొదటి నలభై లేక అరవై రోజులలో విడతలుగా తీసుకోవచ్చునన్నారు. జ్యుడిషియల్ కస్టడీకి వెళ్ళాక ఇక ఠాణాకు తిరిగి రానక్కరలేదన్న నిబ్బరం ముద్దాయికి పోయింది. పాత పద్ధతిలో మారనిది ఒకటి ఉన్నది. దర్యాప్తు అరవై లేక తొంభై రోజులలో పూర్తి కాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అప్పుడు కూడా జామీను కావలసిందే.

ఇంత చదివిన తరువాత ఒక పాఠకుడు నిష్ఠూరంగా అడగవచ్చు. ఫోను పోగొట్టుకున్న ఆ మహిళ సంగతేమిటి? ముద్దాయిల హక్కులే గాని బాధితులకు హక్కులు లేవా? న్యాయమైన ప్రశ్న. మామ కాపురముంటున్న త్రిలోక్‌పురే దానికి జవాబు చెబుతుంది. 1984 నవంబరు మొదటి రెండు రోజులలో అక్కడి ఇరుకు సందులలో సిక్కులను ఊచకోత కోశారు. ఇందిరాగాంధీ హత్య తరువాత రాజధానిలో జరిగిన ఘోరాలలో అంతకు మించినది లేదు. అందులో ఒక కేసులో సెషన్సు కోర్టు శిక్షలు వేసినది 1996లో, ఎనభై తొమ్మిది మందికి. అల్లర్లు, గృహదహనం, కర్ఫ్యూ ఉల్లంఘన నేరాలకు అయిదేళ్ళు, హత్యలకు కాదు. వారి అప్పీళ్ళను హైకోర్టు కొట్టివేసినది 2018 నవంబరులో, ఇరవై రెండేళ్ళ తరువాత. 2019లో సుప్రీంకోర్టు కొందరిని విడుదల చేసింది, వారిని చూచి గుర్తించిన సాక్షులు లేరన్న కారణంతో. వందల ప్రాణాలు పోయిన చోట, దర్యాప్తును మొదటి వారంలోనే పాడుచేస్తే, ఆ తరువాత ముప్పయి అయిదేళ్ళలో ఏ న్యాయమూర్తీ దానిని బాగుచేయలేడు. అక్కడ నష్టపోయినవారు ఆ వితంతువులు.

మన వైపు నుండే మరొక కేసు. 2007 డిసెంబరులో విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. మరుసటి ఆగస్టులో పోలీసులు ఒక నిరుపేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షను రద్దు చేసి, అతనికి లక్ష రూపాయలు చెల్లించమన్నది. ఎనిమిదిన్నర సంవత్సరాలకు లక్ష. ఆ తరువాత దర్యాప్తు సి.బి.ఐ. చేతికి వెళ్ళింది. ఈ కేసును మొదటి నుండి గమనించినవారు ఒక సంగతి ఎరుగుదురు. ఆ యువకుడు హంతకుడు కాడని గట్టిగా అన్నవారిలో హతురాలి తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ముద్దాయి పక్షాన సరయిన రక్షణ మొదటి రోజున దొరికి ఉంటే ఆ తల్లిదండ్రులకు కూడా పదేళ్ళు కలిసివచ్చేవి.

సరయిన రక్షణ దొరికినంత మాత్రాన కాలం కలిసివస్తుందని కూడా అనలేము. అమలాపురం నుండి వచ్చి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించిన జి.ఎన్. సాయిబాబాను 2014 మేలో అరెస్టు చేశారు. నడవలేని మనిషి, చక్రాల కుర్చీలో ఉన్నవాడు. 2017 మార్చిలో యావజ్జీవం. ఆయన తరఫున వాదించిన నాగపూర్ న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ 2018లో తానే మరొక కేసులో ముద్దాయి అయ్యారు. 2022 అక్టోబరు 14న హైకోర్టు సాయిబాబాను విడుదల చేస్తే, మరునాడు శనివారమయినా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా సమావేశమయి ఆ తీర్పును నిలుపు చేసింది. కేసు మళ్ళీ విని, 2024 మార్చి 5న హైకోర్టు మళ్ళీ విడుదల చేసింది. అదే సంవత్సరం అక్టోబరు 12న హైదరాబాదులో ఆయన మరణించారు. విడుదలకూ మరణానికీ మధ్య ఏడు నెలలు. సహముద్దాయి పాండు నరోటే ఆ మొదటి తీర్పుకు రెండు నెలల ముందే జైలు నిర్బంధంలో జబ్బుచేసి చనిపోయాడు. ఆయన రాజకీయాలను గురించి నా అభిప్రాయం వేరు. కాని రెండుసార్లు నిర్దోషిగా తేలిన మనిషికి ఆ పదేళ్ళను తిరిగి ఇవ్వగల సెక్షను పాత స్మృతిలో లేదు, కొత్త సంహితలోనూ నాకు కనిపించలేదు.

మళ్ళీ ఆ ఆదివారానికి వస్తాను. మామ నన్ను అడిగినది సిఫారసు కాదు. "తవరు జామీను నిలబడితే పిల్లడు ఒచ్చేత్తాడు బాబూ" అన్నాడు. చూద్దామన్నాను. చూద్దామన్న మాటకు ఢిల్లీలో ఏమి అర్థమో అతనికి పాతికేళ్ళుగా తెలుసు. తల ఊపి వెళ్ళిపోయాడు.

అయిదు రోజులు చూచాను. కారు రిజిస్ట్రేషన్ పుస్తకం కోర్టుకు ఇవ్వాలి. దాని మీద ముద్ర వేస్తారు. కేసు తేలేదాకా అమ్మడానికి లేదు. ముద్దాయి వాయిదాకు రాకపోతే ఇరవై వేలు నా నుండి వసూలు చేస్తారు. ఇరవై వేలు నన్ను ముంచే సొమ్ము కాదు. అయినా, అతడు నిజంగానే దొంగసొత్తు వ్యాపారం చేసేవాడయితే? నా పేరు కోర్టు కాగితాలలో ఉంటే రేపు ఎవరయినా ఏమయినా అంటే? "ఆ అబ్బాయి పారిపోతే ఏం చేస్తారు?" అని నా భార్య అడిగింది. ఏ పోలీసు అధికారి, ఏ మేజిస్ట్రేటు మనసులోని అనుమానాన్ని నేను ఇంతవరకు విమర్శిస్తూ వచ్చానో, అదే అనుమానం నా డ్రాయింగు రూములో కూర్చుని ఉన్నది. ఆ అయిదు రోజులూ కుర్రవాడు లోపలే ఉన్నాడు. ఆ లెక్క మాత్రం నాదే.

ఆరవ రోజున వెళ్ళాను. వకీలు అఫిడవిట్టు సిద్ధం చేశాడు. ముద్దాయిని ఎన్నాళ్ళుగా ఎరుగుదురని మేజిస్ట్రేటు అడిగారు. మామను ఆరేళ్ళుగా ఎరుగుదునని, ఆ అబ్బాయిని ఇంతవరకు చూడలేదని చెప్పాను. ఆమె కాగితం మీది నుండి తల ఎత్తి ఒక్క క్షణం నా వైపు చూచి, ఒరిజినల్ పుస్తకం ఉన్నదా అని అడిగారు. చిరునామా విచారించడానికి ఒక కానిస్టేబులు మా ఇంటికి వచ్చి, టీ త్రాగి, పక్క ఫ్లాటువారిని కూడా అడిగి వెళ్ళాడు. దానికి నాలుగు రోజులు పట్టింది. అరెస్టయిన నలభయ్యవ రోజు రాత్రి తొమ్మిది దాటాక కుర్రవాడు బయటకు వచ్చాడు.

ఇడ్లీ బండి దగ్గర అతని స్థానంలో వేరొకడు కుదిరాడు. ఇప్పుడు మామతో కలిసి గోడలు గీకే పనికి పోతున్నాడు. వాయిదా పడిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది. మూడు వేల ఫోను కేసు సొత్తుగా మాల్‌ఖానాలో ఉన్నది. అది పోగొట్టుకున్న మహిళ చేతికీ ఇంకా చేరలేదు. సంక్రాంతికి ఊరు వెళ్ళవచ్చునా అని మామ చేత అడిగించాడు. కోర్టు అనుమతి కావాలని వకీలు చెప్పాడు. దరఖాస్తు వేశాము. వచ్చే వాయిదాకు చార్జిషీటు ప్రతులు అందవలసి ఉన్నాయి.